కాటా చీటీ వెనక

రాత్రి పన్నెండు దాటాక
కర్నూలు రోడ్డు మీద లారీకీ లారీకీ మధ్య
ఒక్కోసారి ముప్పావుగంట దొరుకుతుంది నాకు.
చీమకుర్తి కాటా గదిలో
బరువులు చూపించే కంప్యూటరే
అప్పుడు దీవి అవుతుంది.

పెద్ద ఆటలు దీని మీద నడవవు.
తుపాకులు, కార్లు, వందల మంది కలిసి చేసినవి
ముప్పై శాతం దగ్గర ఊపిరాడక ఆగిపోతాయి.
దీనికి సరిపడేవి చిన్నవి.
ఎక్కడో ఎవరో ఒక్కరే
ఉద్యోగం నుంచి వచ్చి, ఇంత తిని,
నిద్ర మానుకుని చేసినవి.
ఎలా తెలుసంటే చెప్పలేను.
అవసరం లేని గది ఒకటుంటుంది,
అందులో మంచం కింద ఒక చెప్పుల జత.
ఆట చివరిదాకా దాంతో పని పడదు.
అది పెట్టింది కంపెనీ కాదు, మనిషి.

ఇప్పుడు ఆడుతున్నదాంట్లో మాటలుండవు.
ఒక పిల్ల, ఒక లాంతరు, నీళ్ళు తీసిన రేవు.
మూడు గంటలు.
మోగేవి, గడిచేవి కావు.
వాటి వరస తేల్చడానికి మాత్రం
నాకు మూడు రాత్రులు గడిచాయి.
మొదటి రాత్రి విసుగు.
రెండో రాత్రి నన్ను నేనే తిట్టుకున్నాను.
మూడో రాత్రి, టీ మీద రాతిపొడి తెట్టు కట్టాక,
గోడ మీది కొంగల్ని లెక్కపెట్టాను.
ఒకటి నీళ్ళల్లో, రెండు గట్టున, ఒకటి ఎగురుతూ...
అబ్బ!
ఈ 'అబ్బ' కోసమే ఆడతాను నేను.
ఎవరూ చప్పట్లు కొట్టరు.
తలుపు కిర్రుమంటుంది, అంతే.
ఆ కిర్రు ఎవరింటి తలుపుదో,
అర్ధరాత్రి ఇంట్లోవాళ్ళు లేవకుండా
మెల్లగా తెరిచి పట్టుకున్నట్టుంటుంది.

అన్నీ బాగుంటాయని కాదు.
కొన్ని మరీ తెలివి ఒలకబోస్తాయి.
చేపకి గొడుగు కట్టి గడియారంలో పెట్టాలట,
నాకెట్లా తోస్తుందది?
అలాంటిదాన్ని తీసిపారేసి
ఫ్యాను కింద ఊరికే కూర్చుంటాను.

పోయిన నెల రాళ్ళు నెట్టే ఆట ఒకటి.
నెట్టగలం గానీ లాగలేం.
రాయి మూలకి చేరిందంటే అంతే సంగతులు.
ఒక ఎత్తు వెనక్కి తీసుకునే మీట మీద
అక్షరం అరిగిపోయింది.
క్రేను మాలకొండయ్య నీళ్ళకని వచ్చి
కుడిచేతి మూడు వేళ్ళతో సీసా పట్టుకుని
నా వెనక నిలబడ్డాడు.
"రాయిని చూస్తన్నావేంది?
ఖాళీ యాడుందో చూడు. ముందు ఖాళీని జరుపుకో."
ఐదు ఎత్తుల్లో అయిపోయింది.
"ఆ మీటేంది, ఊరికే నొక్కుతన్నావు?"
చెప్పాను.
తనే వంగి రెండుసార్లు నొక్కాడు.
రాయి వెనక్కి వచ్చింది. మళ్ళీ వచ్చింది.
ఏమీ అనలేదు.
సీసా నింపుకుని పోయాడు.

పటాలు నేను కాటా చీటీల వెనక గీసుకుంటాను.
రేవు, కొంగలు, మెట్లు,
ఇంకా తెరవని తలుపు దగ్గర ప్రశ్న గుర్తు.
గీసిన కాగితం ప్రింటరులో ఎప్పుడు కలిసిందో,
ఒక తెల్లవారుజామున కళ్ళు మూతలు పడుతుంటే
ముందూ వెనకా చూడకుండా
చించి కరీముల్లా చేతిలో పెట్టేశాను.
ఇరవై ఎనిమిది టన్నుల నల్లరాయితో,
దాని లోపలి బంగారు చుక్కలతో
నా దీవి కృష్ణపట్నం పోయింది.

పటం లేకుండానే ఆట ముగించాను,
ఆ తలుపు తెరుచుకోకుండానే.
చివర పేర్లు పైకి పాకాయి.
కథ, బొమ్మలు, సంగీతం, అన్నిటికీ ఒకటే పేరు.
తర్వాత అమ్మకి కృతజ్ఞతలు.
ఆ తర్వాత ఒక పిల్లికి.
బయట హారను మోగుతున్నా
పిల్లి పేరు దాటేదాకా లేవలేదు.

ఎనిమిదో రోజు కరీముల్లా మళ్ళీ కాటా ఎక్కాడు.
కేబిన్లోంచి చీటీ చాపాడు,
మడతల్లో డీజిలు మరక.
"పోర్టు గేటు కాడ అడిగినా, ముత్తుకూరులో అడిగినా.
యాడుందబ్బయా ఈ రేవు?"
చీకట్లో నవ్వుతున్నాడో లేదో తెలియలేదు.
అంకెలు ఊగి ఊగి నిలబడ్డాయి.
కొత్త చీటీ ఇచ్చి పంపించాను.

దీపం కింద పెట్టి చూస్తే
ప్రశ్న గుర్తు పక్కన
నాది కాని నీలం పెన్నుతో
చిన్న బాణం, ఎడమకి.

ఎడమకి నేను వెళ్ళి చూడలేదు.